డ్యామ్ బస్టర్ల చరిత్ర ఎవరి చరిత్ర?

మొన్న మా కళాశాలలో జరిగిన ఒక సదస్సులో, చరిత్ర బోధనలో తల పండిన ఒక పెద్దాయన, సైనికదళాల చరిత్రలను గురించి ఒక మాట సెలవిచ్చారు. "యుద్ధచరిత్రకు కావలసినవి తేదీలు, సంఖ్యలు, విమానాల పేర్లు, నౌకల పేర్లు. అవి తప్పు లేకుండా వుంటే చాలు. జాలి కావలసినవారు నవలలు చదువుకోవచ్చు" అన్నారు. సభలో కొందరు నవ్వారు. నా పక్కన కూర్చున్న మూడో సంవత్సరం విద్యార్థి మాత్రం నవ్వలేదు. ఆ మాటను నోటుపుస్తకంలో రాసుకున్నాడు. అతడు రాసుకోబట్టే నేనీ వ్యాసం రాయవలసివచ్చింది.

ఆ కుర్రవాడు తన సెమినారు వ్యాసానికి ఒక అమెరికన్ నౌకాదళ విమాన స్క్వాడ్రన్ చరిత్రను ఎన్నుకున్నాడు. విమానవాహక నౌక మీది నుంచి ఎగిరి వెళ్ళి దాడిచేసే దళం అది, వి.ఎ. 195 దాని సంఖ్య, "డ్యామ్ బస్టర్స్" దాని బిరుదు. వ్యాసం నాకు చూపించాడు. శుభ్రమైన దస్తూరి, పది పేజీలు. తేదీల్లో నాకు తప్పు దొరకలేదు. పైలట్లు, కమాండర్లు తప్ప ఆ పది పేజీల్లో మనిషన్నవాడు కూడా దొరకలేదు. ఇందులో పిల్లవాడి తప్పు ఏముంది? అతడు చదివిన మూలాలన్నీ ఆ పోతలో పోసినవే. ఏ దళానికి ఆ దళం తన జీవితచరిత్రను తనే రాసుకుంటుంది. పుట్టినరోజు, పేర్ల మార్పులు, ఎక్కిన నౌకలు, ఎగిరిన విమానాలు, పొందిన పతకాలు. మన జమీందార్లు పండితులను పెట్టి రాయించుకున్న వంశావళులకూ వీటికీ తేడా కాగితం నాణ్యతలో మాత్రమే.

వంశావళిని నేనూ క్లుప్తంగా చెప్పి ముందుకు పోతాను. ఈ దళం 1943లో వి.టి. 19 అనే పేరుతో టార్పెడో దళంగా పుట్టింది. 1944లో లెక్సింగ్టన్ నౌక మీది నుంచి అవెంజర్ విమానాలతో జపాన్ నౌకాబలం మీద పోరాడింది. ఆ అక్టోబరులో జరిగిన లేటే గల్ఫ్ సమరంలో పాల్గొన్నది. ఫాసిజానికి వ్యతిరేకంగా జరిగిన పోరాటంలో ఆ కుర్రవాళ్ళ పాలు వాళ్ళకుంది. దాన్ని కాదనేవాడు అభ్యుదయవాది కాజాలడు. 1948లో వి.ఎ. 195 అయింది. కొరియా యుద్ధంలో ప్రిన్స్‌టన్ నౌక మీది నుంచి స్కైరైడర్ విమానాలతో, వియత్నాంలో మొదట స్కైహాక్ విమానాలతోనూ తర్వాత ఎ-7 విమానాలతోనూ దాడులు చేసింది. 1985లో హార్నెట్ విమానాలకు మారి వి.ఎఫ్.ఎ. 195 అయింది. 1986లో మిడ్‌వే నౌకతో జపాన్‌ను స్థావరం చేసుకున్నది. 1991లో ఆ నౌక మీది నుంచే ఇరాక్ మీద దాడుల్లో పాల్గొన్నది. హిరోషిమాకు దగ్గరలోనే వున్న ఇవాకునిలో ఇవాళ దాని మకాం.

ఇక బిరుదు సంగతి. కొరియా యుద్ధానికి ముందు ఈ దళాన్ని "టైగర్స్" అని పిలిచేవారు. పులులు డ్యామ్ బస్టర్లుగా మారిన రోజు 1951 మే 1. (తేదీ విని పాఠకులు నవ్వుకోవచ్చు. ప్రపంచ శ్రామికులు జెండాలు పట్టుకుని వీధుల్లోకి వచ్చిన రోజే అది.) దక్షిణాన సియోల్ వైపు ప్రవహించే పుఖాన్ నది మీద హ్వాచోన్ అనేచోట ఒక పెద్ద ఆనకట్ట వుంది. జపాన్ వలస ప్రభుత్వం కొరియా ప్రజల చేత మట్టి మోయించి, రాళ్ళు కొట్టించి, రెండో ప్రపంచయుద్ధ కాలంలో కట్టించిన జలవిద్యుత్ ఆనకట్ట. 1951 వసంతంలో అది చైనా, ఉత్తర కొరియా సేనల అధీనంలో వుంది. ఏప్రిల్ 9న వాళ్ళు కొన్ని గేట్లు ఎత్తారు. నది పొంగి, దిగువన వున్న ఐక్యరాజ్యసమితి సేనల తేలుడు వంతెనలు దెబ్బతిన్నాయి. అమెరికన్ భూసేన ఆనకట్టను పట్టుకోబోయి విఫలమైంది. అప్పుడు నౌకాదళాన్ని పిలిచారు. ఏప్రిల్ 30న ప్రిన్స్‌టన్ నుంచి వెళ్ళిన విమానాలు రెండువేల పౌండ్ల బాంబులు వేశాయి, రాకెట్లు కొట్టాయి. కాంక్రీటు చలించలేదు.

మర్నాడు, నౌక అడుగున మూలపడి వున్న, ప్రపంచయుద్ధం నాటి మార్క్ 13 టార్పెడోలను పైకి తీశారు. ఓడల పొట్టలు చీల్చడానికి చేసిన ఆయుధాన్ని మంచినీటి మడుగులో వదలాలి, చుట్టూ కొండలు. దళపతి లెఫ్టినెంట్ కమాండర్ హెరాల్డ్ కార్ల్‌సన్ నాయకత్వాన ఎనిమిది స్కైరైడర్లు, రక్షణకు కోర్సెయిర్లు వెంటరాగా, నీటిమట్టానికి దగ్గరగా దిగి ఎనిమిది టార్పెడోలు వదిలాయి. ఆరు తగిలాయి. ఒక గేటు ధ్వంసమైంది, మరొకదానికి పెద్ద గండి పడింది. కొరియా యుద్ధంలో టార్పెడో వాడినది అదొక్కసారే. ఆ రోజు నుంచి వాళ్ళు డ్యామ్ బస్టర్లు.

ఆ పైలట్ల ధైర్యాన్ని నేను తక్కువ చేయడంలేదు. ఆనకట్టను అవతలి పక్షం ఆయుధంగా వాడుకున్నమాట వాస్తవమే గనక ఆ దాడికి సైనిక కారణం వుందని కూడా ఒప్పుకుంటాను. మా పెద్దాయన ఈ ఒప్పుకోలుతో సంతోషించవచ్చు. కాని నా ప్రశ్న వేరు. ఎనిమిది టార్పెడోలు, ఆరు దెబ్బలు, ఒక గేటు, ఒక గండి అని అంత ఖచ్చితంగా లెక్కపెట్టిన కలం, గేటు విరిగిన మరుక్షణం ఎందుకు ఆగిపోతుంది? గేటు వెనక వున్నది నీరు. నీరు పల్లానికి పోతుంది. పల్లంలో పొలాలుంటాయి, ఊళ్ళుంటాయి. పల్లపు ఊళ్ళల్లో పుట్టి పెరిగిన మనకు ఈ సంగతి ఎవరూ బోధించనక్కరలేదు. కృష్ణకు వరద వస్తే ఎగువన ఎన్ని గేట్లు ఎత్తారో తెలుసుకుని పశువులను విప్పుకుని కరకట్ట ఎక్కే జనం మనం. అలాంటి జనంలో పుట్టిన విద్యార్థి కూడా గేటు దగ్గర కలం ఆపాడంటే, చదివిన మూలం అతని కళ్ళను ఎంతగా కట్టివేసిందో గ్రహించాలి. "తేదీలు, సంఖ్యలు చాలు" అనే సూత్రం నిష్పాక్షికమైనదని మా పెద్దాయన నమ్మకం. ఏ సంఖ్యను లెక్కించాలి, ఎక్కడ లెక్క ఆపాలి అనేది ఎవరు నిర్ణయిస్తున్నారో ఆయన అడగరు.

బిరుదు కూడా సొంతం కాదు, అరువు తెచ్చుకున్నది. 1943 మేలో బ్రిటిష్ వైమానికదళపు 617వ స్క్వాడ్రన్ జర్మనీలో మోనె, ఎడర్ ఆనకట్టలను తెగ్గొట్టింది. డ్యామ్ బస్టర్లు అనే పేరు వాళ్ళది. దాని మీద సినిమా వచ్చింది, అందులోని బ్యాండు పాట ఇప్పటికీ ఇంగ్లండులో మోగుతూనే వుంటుంది. ఆ రాత్రి వరదలో చచ్చిపోయినవారు సుమారు 1600 మంది. వాళ్ళలో సగానికి పైగా హిట్లర్ పట్టి తెచ్చిన విదేశీ బందీలు, వెట్టికూలీలు. సోవియట్ దేశం నుంచి ఎత్తుకువచ్చిన ఆడవాళ్ళు నేహైమ్ శిబిరంలో తాళం వేసిన కొట్టాల్లో వున్నారు. ఫాసిజం చెరలో వున్నవాళ్ళు ఫాసిజం మీద జరిగిన దాడిలో మునిగిపోయారు. ఈ వాక్యం రాస్తే ఆ యుద్ధం అన్యాయమైపోదు. రాయకపోతే మాత్రం చరిత్ర బ్యాండు పాట అవుతుంది.

కార్ల్‌సన్ పేరుతో మరొక కథ వుంది. ఆనకట్టకు రెండు నెలల ముందు, కొరియా ఈశాన్య భాగంలో కిల్చు దగ్గర ఒక లోయ మీది రైలు వంతెనను ఈ దళమే కొట్టడం మొదలుపెట్టింది. ఆ లోయకు "కార్ల్‌సన్ కాన్యన్" అని నౌకాదళం పేరు పెట్టుకున్నది. విమానాలు వంతెన కమానులను కూలగొట్టేవి. కొన్నాళ్ళకు విమానాలు మళ్ళీ వచ్చి చూసేసరికి వంతెన నిలబడి వుండేది. మళ్ళీ కొట్టేవి. మళ్ళీ లేచేది. చివరికి కొరియన్లు ఆ వంతెనను వదిలి పక్కనుంచి వేరే దారి వేసుకున్నారు.

మా విద్యార్థి వ్యాసంలో ఈ ఘట్టం "వంతెన తిరిగి బాగుచేయబడింది" అని వుంది. ఎవరి చేత? కర్మణి ప్రయోగం తెలుగుకు అంతగా సరిపడదని మన వ్యాకర్తలు ఎప్పుడో చెప్పారు. ఇక్కడ అది కేవలం శైలీదోషం కాదు. వంతెన తనంతట తాను లేవలేదు. రాత్రిపూట, మంచులో, పగలు పడిన ఆలస్యపు బాంబులు ఎప్పుడు పేలతాయో తెలియని చోట, దుంగలు మోసి, దిమ్మలు పేర్చి కట్టినవాళ్ళున్నారు. యుద్ధం పొడుగునా కొరియా రైలుమార్గాలను నిలబెట్టినది ఆ రాత్రి కూలీలే. లోయకు పేరు మాత్రం దాన్ని కూలగొట్టిన కమాండరుది. మా ఊరి చెరువు తవ్విన ఉప్పర్ల పేరు ఏ శాసనంలోనూ లేదు, తవ్వించిన దొరగారి పేరుంది. అంతే తేడా, ఇక్కడ తవ్వించినవాడి పేరు కూడా కాదు, పడగొట్టినవాడి పేరు.

"జాలి కావలిస్తే నవలలు చదువుకోండి" అన్నారు కదా, నవల సంగతీ చూద్దాం. ఈ వంతెనల యుద్ధాన్ని ఆధారం చేసుకుని జేమ్స్ మిచెనర్ 1953లో "ది బ్రిడ్జెస్ ఎట్ టోకో-రి" రాశాడు. 1954లో విలియం హోల్డెన్, గ్రేస్ కెల్లీలతో సినిమా తీశారు. మిచెనర్ బుద్ధిమంతుడే. యుద్ధం ఇష్టంలేని లాయరు ఒకడు రెండోసారి పిలుపు వచ్చి వెళ్ళి, పొలం కాలువలో చచ్చిపోవడాన్ని అతడు నిజాయితీగానే చిత్రించాడు. కాని ఆ కాలువ ఎవరి పొలానిది? దానిలో నీరు పెట్టుకునేది ఎవరు? నవలలో జాలి వుంది, అదంతా కాక్‌పిట్‌లో కూర్చున్నవాడికే సరిపోయింది. కనుక నవల చదువుకున్నా మా పెద్దాయన చెప్పిన మందు పనిచేయదు. చరిత్ర వదిలేసిన మనిషిని నవల కూడా వదిలేసింది. ఇద్దరూ ఒకే నౌక డెక్కు మీద నిలబడి చూశారు గనక.

డెక్కు మీది చూపు ఎక్కడికి తీసుకుపోతుందో ఆ తర్వాతి రెండేళ్ళు చూపించాయి. 1952 జూన్‌లో యాలూ నది మీది సుయిహో విద్యుత్కేంద్రంతో సహా ఉత్తర కొరియా జలవిద్యుత్ కేంద్రాల మీద నౌకాదళం, వైమానికదళం కలిసి దాడిచేశాయి. దేశం దాదాపు రెండువారాలు చీకటిలో వుంది. బ్రిటన్ పార్లమెంటులో లేబర్ పక్షం దాని మీద అభిశంసన తీర్మానం పెట్టింది. ఇక 1953 మే 13. యుద్ధవిరమణ చర్చలు ముగింపుకు వస్తున్న రోజులు. ఆ రోజు అమెరికన్ వైమానికదళపు ఎఫ్-84 విమానాలు ప్యాంగ్యాంగ్‌కు ఉత్తరాన వున్న తోక్సాన్ ఆనకట్టను కొట్టాయి. ఇది విద్యుత్తుకు కట్టినది కాదు, గేట్లు ఎత్తి ఎవరి మీదికీ వదిలినది కాదు. వరిపొలాలకు నీళ్ళిచ్చే మట్టికట్ట. ఆ రాత్రి కట్ట తెగి 27 మైళ్ళ లోయ కొట్టుకుపోయింది. ఆ వారంలోనే చాసాన్ ఆనకట్ట తెగింది. అది వరినాట్ల కాలం. ఇది చేసినది మన డ్యామ్ బస్టర్లు కాదు, వైమానికదళం. చేయని పనిని వాళ్ళ నెత్తిన రుద్దడం నా వుద్దేశం కాదు. కాని హ్వాచోన్ గేటు దగ్గర ఆగిన కలమే తోక్సాన్ కట్ట దగ్గరికి దారి వేసింది. ఆనకట్ట ఒక "లక్ష్యం" అయ్యాక, ఏ ఆనకట్ట, ఎందుకు, దాని కింద ఎవరు అనే ప్రశ్నలు లెక్కల పుస్తకంలోంచి జారిపోతాయి.

తోక్సాన్ విషయంలో ఒకటి మాత్రం వేరుగా జరిగింది. అమెరికన్ వైమానికదళపు సొంత త్రైమాసిక పత్రిక ఆ దాడుల మీద ప్రచురించిన వ్యాసంలో, వరి పోవడమంటే ఆసియావాసికి ఏమిటో పాశ్చాత్యుడు ఊహించలేడని, అది ఆకలి అని, మెల్లని చావు అని దాదాపు గర్వంగానే రాసుకున్నారు. అంటే పొలం, రైతు, ఆకలి వాళ్ళకు కనపడక కాదు. కనపడినప్పుడు అది విజయం కింద నమోదైంది. జాలి చరిత్రకు పనికిరాదనే పెద్దలు ఈ వ్యాసాన్ని ఏ గదిలో పెడతారో తెలుసుకోవాలని వుంది.

వియత్నాం గురించి ఎక్కువ చెప్పను, ఆ కథ మన పాఠకులకు కంఠతా వచ్చు. ఒక్క సంగతి. 1972లో ఈ దళం కిటీ హాక్ నౌక మీది నుంచి ఉత్తర వియత్నాం మీద దాడుల్లో వున్న కాలంలోనే, ఏప్రిల్ 25న, నిక్సన్ తన గదిలో కిసింజర్‌తో ఎర్రనది కట్టలను కొట్టే విషయం మాట్లాడాడు. సుమారు రెండు లక్షలమంది మునిగిపోతారని కిసింజర్ చెప్పాడు. అణుబాంబు వాడితేనే నయమని నిక్సన్ అన్నాడు. ఈ సంభాషణ టేపు 2002లో బయటికి వచ్చింది. చూడండి, శ్వేతసౌధంలో ఆ సంఖ్య వేసుకున్నారు! స్క్వాడ్రన్ చరిత్రల్లో వుండకూడని సంఖ్యలు యుద్ధం నడిపేవాళ్ళ గదుల్లో వుంటాయి.

నా మీద రెండు ఆక్షేపణలు వస్తాయని తెలుసు.

ఒకటి, "మీ పక్షంవాళ్ళు చేయలేదా?" అని. చేశారు. 1941 ఆగస్టులో వెనక్కు తగ్గుతున్న సోవియట్ సేన నీపర్ మహా ఆనకట్టను దిగువ ప్రజలకు హెచ్చరిక లేకుండా పేల్చింది. మా తరం వామపక్ష విద్యార్థులం ఆ ఆనకట్ట కట్టడాన్ని గురించి పరవశించి చదువుకున్నాం. పేల్చినప్పుడు కింద ఎవరున్నారో మాకు ఎవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు. 1938లో జపాన్ సేనను ఆపడానికి కుమింటాంగ్ ప్రభుత్వం పచ్చనది కట్టను తెంచి తన ప్రజలను లక్షల సంఖ్యలో ముంచింది. 2023 జూన్ 6న రష్యా సేనల అధీనంలో వుండగా కఖోవ్కా ఆనకట్ట తెగినప్పుడు, మన మిత్రులు కొందరు దిగువ గ్రామాల గురించి మాట్లాడటానికి ముందు ఎవరి పక్షం అన్నది తేల్చుకోవడానికి తంటాలు పడ్డారు. నేను ఇక్కడ విమర్శిస్తున్న పద్ధతి మన ఇంట్లోనూ వుందని దాచుకోవడం దేనికి?

రెండోది, "మన దేశానికి దీనితో ఏం పని?" అని. వుంది. ఆనకట్టలు సైనిక లక్ష్యాలే అయినప్పటికీ, తెగితే పౌరులకు తీవ్రనష్టం కలిగేట్టయితే వాటి మీద దాడి చేయరాదని 1977 నాటి జెనీవా అదనపు ఒడంబడిక 56వ అధికరణం చెబుతుంది. అమెరికా దాని మీద సంతకం చేసి, ఆమోదించకుండా వూరుకుంది. భారతదేశం ఆ ఒడంబడికలోనే చేరలేదు. భాక్రా, నాగార్జునసాగర్ కట్టుకుని ఆనకట్టలను ఆధునిక దేవాలయాలని పిలుచుకున్న దేశం! పైపెచ్చు, 2021 జూన్‌లో ఈ డ్యామ్ బస్టర్లు అప్పట్లో కొలువున్న రొనాల్డ్ రేగన్ నౌకతో మన నౌకాదళమూ వైమానికదళమూ హిందూ మహాసముద్రంలో కలిసి విన్యాసాలు చేశాయి. 1971 డిసెంబరులో ఇదే ఏడో నౌకాదళపు ఎంటర్‌ప్రైజ్ నౌక మన బంగాళాఖాతంలోకి బెదిరించడానికి వచ్చిందని ఆ రోజు పత్రికల్లో గుర్తుచేసినవారు తక్కువ.

ఆ 1971 యుద్ధంలోనే మన విక్రాంత్ నౌక మీది నుంచి 300వ స్క్వాడ్రన్ సీ హాక్ విమానాలు డిసెంబరు 4 నుంచి కాక్స్ బజార్, చిట్టగాంగ్‌ల మీద దాడులు చేశాయి. బంగ్లాదేశ్ విముక్తిని సమర్థించినవాళ్ళలో నేనొకణ్ణి. అయినా ఆ స్క్వాడ్రన్ మీద మనవాళ్ళు రాసినవి తిరగేస్తే అదే పోత: ఎన్ని దాడులు, ఎన్ని ఓడలు, ఎన్ని పతకాలు. చిట్టగాంగ్ రేవు కూలీ అందులో లేడు. విశాఖ సముద్రతీరాన కుర్సూర జలాంతర్గామినీ, టి.యు. 142 విమానాన్నీ చూడటానికి మా విద్యార్థులను ప్రతి ఏడూ తీసుకువెళుతుంటాం. పిల్లలు లోపలికెళ్ళి మీటలు, డయళ్ళు చూసి సంబరపడతారు, నేనూ పడ్డాను. గైడు పొడవు, బరువు, వేగం చెబుతాడు. ఏ పిల్లవాడూ "దీన్ని ఎవరి మీద?" అని అడగగా నేను వినలేదు.

హ్వాచోన్ ఆనకట్ట ఇప్పుడు దక్షిణ కొరియాలో వుంది, కరెంటు ఇస్తూనే వుంది. టార్పెడోలు పడిన నెలలోనే ఆ జలాశయం ఒడ్డున చైనా సేనలు ఘోరంగా ఓడిపోయాయి. వేలాది శవాలు ఆ నీటిలో కలిశాయి. సింగ్మన్ రీ దానికి "పారోహో", అంటే అనాగరికులను చిత్తుచేసిన సరస్సు, అని పేరు పెట్టాడు. ఆ పేరు తీసివేసి పాత పేరు పెట్టాలని అక్కడ కొందరు ఉద్యమించారు, వద్దని మరికొందరు అడ్డుపడ్డారు. ఒక్క ఆనకట్టకు ఇన్ని పేర్లు తగిలాయి: దళానికి ఆనకట్ట పేరు పెట్టుకున్నవాళ్ళు, సరస్సుకు శవాల పేరు పెట్టినవాళ్ళు. జపాన్ కాలంలో దాన్ని మోసి కట్టిన కొరియా కూలీల పేరు ఈ జాబితాలో ఎక్కడా లేదు.

మా విద్యార్థికి వ్యాసం తిరిగి ఇచ్చేశాను. తేదీలు ఒక్కటి కూడా కొట్టివేయవద్దని, ప్రతి తేదీ కింద ఒక గీత గీసి, విమానం కింద ఆ రోజు ఏముందో వెతికి రాసుకురమ్మని చెప్పాను. కిల్చు వంతెన దాకా వచ్చాడట. "బాగుచేయబడింది" కొట్టేసి "కూలీలు రాత్రిపూట తిరిగి కట్టారు" అని రాశాడు. పెద్దాయనకు ఈ సంచిక ప్రతి పంపుతున్నాను. జవాబు రాస్తే సంపాదకులు వచ్చే సంచికలో చోటివ్వాలని కోరుతున్నాను.